సొప్రానోస్ చివరి నల్లతెర: ఆ కోత ఎనిమిదేళ్ల ముందే మొదలైంది

2024 మార్చిలో న్యూజెర్సీ రాష్ట్రం బ్లూమ్‌ఫీల్డ్‌లోని హోల్‌స్టెన్స్ అనే పాత ఐస్‌క్రీమ్ పార్లర్ తన దగ్గరున్న ఒక బల్లనీ, దానికి రెండు పక్కలా ఉండే సీట్లనీ ఈబేలో వేలానికి పెట్టింది. అవి 82,600 డాలర్లకి అమ్ముడుపోయాయి. అంత ధర రావడానికి కారణం ఒక్కటే. 2007 జూన్ 10 రాత్రి అమెరికన్ కేబుల్ చానల్ హెచ్‌బీఓలో వచ్చిన ‘ది సొప్రానోస్’ టీవీ సిరీస్ ఆఖరి ఎపిసోడ్‌లో ఆఖరి సీన్ తీసింది అక్కడే. టోనీ సొప్రానో ఆనియన్ రింగ్స్ తింటుంటాడు. తలుపు గంట మోగుతుంది. తలెత్తి చూస్తాడు. అక్కడితో తెర నల్లబడిపోతుంది, పాట మధ్యలో తెగిపోతుంది. దాదాపు పది సెకన్లు బొమ్మా లేదు, శబ్దమూ లేదు. తర్వాత చప్పుడు లేకుండా పేర్లు పడతాయి.

ఆ ఎపిసోడ్‌ని కోటీ ఇరవై లక్షల మంది దాకా చూశారు. సరిగ్గా ఆ సమయానికే కేబుల్ పోయిందని కంగారుపడినవాళ్లు వాళ్లలో ఎందరో. టోనీ చచ్చాడా, బతికాడా అన్న గొడవ ఆ రాత్రి మొదలై ఇంకా నడుస్తూనే ఉంది. ఈ గొడవలో దిగినవాళ్లు ఎక్కువగా ఆ నాలుగైదు నిమిషాల సీన్‌నే పట్టుకుని ఫ్రేము ఫ్రేముకీ అర్థం వెతుకుతారు. దారి అది కాదని నా నమ్మకం. ఈ సిరీస్‌లో జనం మళ్లీ మళ్లీ తిరిగొచ్చి చూసే సీన్లు కొన్ని ఉన్నాయి. వాటిని వరసగా పెట్టుకుని, ఒక్కొక్కటీ ఎక్కడ ఆగిపోయిందో చూడాలి. అప్పుడు ఆ నల్లతెర ఆఖరి రోజున వేసిన ఎత్తులా కనిపించదు. మొదటి సీజన్ నుంచీ సిరీస్ సృష్టికర్త డేవిడ్ చేజ్ కథ చెప్పిన పద్ధతే అది.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. టోనీ ఉత్తర న్యూజెర్సీలో ఇటాలియన్ మాఫియా ముఠా నాయకుడు. ఇంట్లో భార్య కార్మెలా, కూతురు మెడో, కొడుకు ఏజే. పెరట్లో ఈతకొలనులో చేరిన బాతులు ఒకరోజు పిల్లలతో సహా ఎగిరిపోతే చూసి కుప్పకూలిపోతాడు. పరీక్షలన్నీ అయ్యాక అది పానిక్ అటాక్ అని తేలుతుంది. అలా డాక్టర్ మెల్ఫీ అనే సైకియాట్రిస్టు దగ్గరికి చేరతాడు. 1999 జనవరి 10న మొదలై ఎనిమిదేళ్లకి పైగా సాగిన 86 ఎపిసోడ్ల కథకి ఇదీ పునాది. టోనీగా జేమ్స్ గాండోల్ఫినీ, కార్మెలాగా ఈడీ ఫాల్కో, మెల్ఫీగా లొరెయిన్ బ్రాకో. టైటిల్స్‌లో టోనీ కారు లింకన్ టన్నెల్‌లోంచి బయటపడి న్యూజెర్సీ టర్న్‌పైక్ ఎక్కుతుంది. ఎడిసన్, ఐసెలిన్ చుట్టుపక్కల కాపురముండే మన తెలుగువాళ్లకి రోజూ తిరిగే రోడ్డే.

ఇంకో సంగతి కూడా తెలియాలి. చేజ్ అప్పటికే పాతికేళ్లుగా మామూలు టీవీ చానళ్లకి రాస్తున్నవాడు. ప్రకటనల మీద బతికే చానళ్లలో పది పన్నెండు నిమిషాలకోసారి బ్రేక్ వస్తుంది. బ్రేక్ ముందు ప్రేక్షకుడు లేచి వెళ్లకుండా ఒక కొక్కెం వెయ్యాలి, బ్రేక్ అయ్యాక దాన్ని విప్పాలి. ఎపిసోడ్ అయ్యేసరికి లెక్కలన్నీ తేలిపోవాలి. ఈ పనితో చేజ్ విసిగిపోయి ఉన్నాడు. సొప్రానోస్ కథని మొదట ఫాక్స్ చానల్ తీసుకుని, తర్వాత వద్దనుకుంది. అది హెచ్‌బీఓకి చేరింది. అక్కడ చందా డబ్బే తప్ప ప్రకటనలు లేవు. గంటసేపు ఎవరూ అడ్డురారు, కొక్కేల అవసరం లేదు. సీను కోసం ప్రత్యేకంగా కట్టిన నేపథ్య సంగీతం కూడా ఈ సిరీస్‌లో ఉండదు. వినిపించేవన్నీ అప్పటికే ఉన్న పాటలు. ఇప్పుడు భయపడాలి, ఇప్పుడు ఏడవాలి అని మనకి చెప్పే వయొలిన్ ఏదీ రాదు. ఆ స్వేచ్ఛని చేజ్ దేనికి వాడుకున్నాడో మొదటి సీజన్ అయిదో ఎపిసోడ్‌లోనే తెలిసిపోతుంది.

ఆ ఎపిసోడ్ పేరు ‘కాలేజ్’. 1999 ఫిబ్రవరి 7న వచ్చింది. మెడోకి కాలేజీలు చూపించడానికి టోనీ కారులో మెయిన్ రాష్ట్రం తీసుకెళ్తాడు. దారిలో మెడో ఉన్నట్టుండి అడుగుతుంది: నువ్వు మాఫియాలో ఉన్నావా? టోనీ ముందు కొట్టిపారేస్తాడు, మాఫియా అంటూ ఏదీ లేదంటాడు. కాసేపటికి కొంచెం దిగొస్తాడు. తనకొచ్చే డబ్బులో కొంత జూదం నుంచీ అలాంటి వాటి నుంచీ వస్తుందని ఒప్పుకుంటాడు. దానికి బదులుగా మెడో కూడా పరీక్షల చదువు కోసం మత్తుమందు వాడానని ఒప్పుకుంటుంది. తండ్రీకూతుళ్ల మధ్య అంత దగ్గరతనం మళ్లీ ఏ సీజన్‌లోనూ దొరకదు.

ఇంతలో ఒక పెట్రోల్ బంక్ దగ్గర టోనీకి పాత ముఖం ఒకటి కంటబడుతుంది. ఒకప్పుడు ముఠాని పోలీసులకి పట్టించి, ప్రభుత్వ రక్షణలో పేరు మార్చుకుని అక్కడ ట్రావెల్ ఏజెంటుగా బతుకుతున్నవాడు. కూతుర్ని కాలేజీలో ఇంటర్వ్యూకి దింపి, టోనీ వెళ్లి వాణ్ని వైరుతో గొంతు బిగించి చంపుతాడు. సీన్ చాలా సేపు సాగుతుంది. గాండోల్ఫినీ పళ్లు కొరుకుతూ, ఊపిరి బిగబట్టి చేసే ఆ పనిలో కోపం కంటే ఆనందం ఎక్కువ కనిపిస్తుంది. చూడటానికి ఇబ్బందిగా ఉండేది అదే. హీరో ఇలా చంపితే జనం సిరీస్‌ని వదిలేస్తారేమోనని హెచ్‌బీఓ పెద్దలు భయపడ్డారు. చేజ్ పట్టు విడవలేదు. ద్రోహిని చూసి కూడా వదిలేస్తే టోనీ మాఫియా నాయకుడని ఎవరూ నమ్మరని వాదించాడు. ఆ ఎపిసోడ్ రచనకి అమెరికాలో టీవీకి ఇచ్చే ఎమ్మీ అవార్డు వచ్చింది.

ఇక్కడ అందరూ గుర్తుపెట్టుకునేది హత్య. నేను మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూసేది దాని తర్వాతి సీన్. టోనీ కూతుర్ని ఎక్కించుకోవడానికి తిరిగొస్తాడు. చెప్పులకి బురద, చేతికి గాయం. మెడో చూస్తుంది, అడుగుతుంది. టోనీ ఏదో చెప్తాడు. మెడో ఇంకో ప్రశ్న వేస్తుంది, అతను ఇంకో అబద్ధం చెప్తాడు. అప్పుడు ఆ పిల్ల ముఖంలో వచ్చే మార్పు చూడండి. అర్థమైంది, ఇక అడగదు. నిన్న అంత ధైర్యంగా అడిగిన పిల్ల ఇవాళ తనంతట తానే తలుపు మూసేసుకుంటుంది. ఏం జరిగిందో మనకి తెలుసు, ఆమె కూడా దాదాపుగా పసిగట్టింది. నోరు తెరిచి చెప్పేవాళ్లే లేరు.

ఈ సిరీస్ కోత వేసేది చాలాసార్లు ఇలాంటి చోటే. దాచిపెట్టేది మనకి తెలియని రహస్యమేమీ కాదు. అందరికీ తెలిసీ ఎవరూ పైకి అనలేని మాట.

మూడో సీజన్‌లో ‘ఎంప్లాయీ ఆఫ్ ద మంత్’ అనే ఎపిసోడ్ ఉంది, 2001 మార్చి 18న వచ్చింది. డాక్టర్ మెల్ఫీ మీద పార్కింగ్ భవనం మెట్ల దగ్గర అత్యాచారం జరుగుతుంది. పట్టుబడిన వాణ్ని, సాక్ష్యాలు భద్రపరచడంలో పోలీసులు చేసిన తప్పు వల్ల వదిలేయాల్సి వస్తుంది. కొన్నాళ్లకి ఆమె ఒక తిండి దుకాణంలోకి వెళ్తే, గోడ మీద ఈ నెల ఉత్తమ ఉద్యోగి అని వాడి ఫొటో కనిపిస్తుంది. ఆమె దగ్గర వైద్యానికి వచ్చే మనిషి ఎవరు? ఒక్క మాట చెవిన వేస్తే చాలు, సాయంత్రానికి వాడు ఉండడు. చివరి సీన్‌లో ఆమె టోనీ ముందు ఏడుస్తుంది. టోనీ కంగారుగా లేచి దగ్గరికి వస్తాడు. తిరిగి కూర్చున్నాక అడుగుతాడు, ఏమైనా చెప్పాలా అని. ఆమె అతని కళ్లలోకి చూస్తూ ‘లేదు’ అంటుంది. తెర నల్లబడుతుంది.

నాకు తెలిసి మొత్తం 86 ఎపిసోడ్లలో దీనికి మించిన సీన్ లేదు. కుర్చీ అంచున కూర్చుని మనం ఏం కోరుకున్నాం? ఆమె చెప్పాలని. వాణ్ని టోనీ చీల్చి చెండాడాలని. ఆ కోరిక మనలో పుట్టేదాకా ఎపిసోడ్ ఆగింది, పుట్టాక తీర్చకుండా లేచిపోయింది. వాడి కథ మళ్లీ ఎప్పుడూ రాదు, మెల్ఫీ మనసు మార్చుకోదు. అప్పట్లో చాలామంది ప్రేక్షకులు తర్వాతి వారాల్లో ప్రతీకారం వస్తుందని ఎదురుచూశారు. వచ్చి ఉంటే ఆ ‘లేదు’కి విలువేముంది?

ఇంకో ఏడు వారాలకి, మే 6న, ‘పైన్ బారెన్స్’. నవ్వుకోవడం కోసం అభిమానులు అన్నిటికంటే ఎక్కువగా తిరిగొచ్చేది దీనికే. నటుడు స్టీవ్ బుషెమీ దర్శకత్వం. టోనీ ముఠాలోని పాలీ, క్రిస్టఫర్ కలిసి వలేరీ అనే రష్యన్ దగ్గర డబ్బు వసూలుకి వెళ్తారు. ఒక టీవీ రిమోట్ మీద మొదలైన పంతం చావుదాకా వెళ్తుంది. చచ్చాడనుకుని డిక్కీలో వేసి, పూడ్చడానికి మంచు అడవికి తీసుకెళ్తే వాడు బతికే ఉంటాడు. పారను ఎత్తి ఇద్దరినీ కొట్టి పారిపోతాడు. ఫోన్‌లో సిగ్నల్ సరిగా లేదు. ఆ రష్యన్ అంతర్గత వ్యవహారాల శాఖలో పనిచేశాడు, పదహారు మంది చెచెన్ తిరుగుబాటుదార్లని చంపాడు అని టోనీ అరుస్తాడు. పాలీకి వినబడింది వేరు. వాడు పదహారు మంది చెకోస్లొవేకియా వాళ్లని చంపాడట, ఇంటీరియర్ డెకరేటరట అని క్రిస్టఫర్‌కి చెప్తాడు. క్రిస్టఫర్ ఆశ్చర్యం: వాడి ఇల్లు చూస్తే అలా లేదే! ఒక షూ పోగొట్టుకుని, రాత్రంతా పాడుబడ్డ వ్యానులో కెచప్ ప్యాకెట్లు చీకుతూ గడుపుతారు.

రష్యన్ ఏమయ్యాడు? చెప్పలేదు. ఆ సీజన్‌లోనూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. చేజ్‌ని ఇన్నేళ్లుగా ఎక్కువమంది అడిగిన ప్రశ్నల్లో ఇదొకటి.

ఇక్కడ కొంచెం జాగ్రత్తగా విడదీయాలి, ఎందుకంటే ఆఖరి నల్లతెర గురించి వాదించేవాళ్లు తడబడేది ఇక్కడే. ఈ సిరీస్‌లో జవాబు ఇవ్వని సీన్లు రెండు రకాలు. రష్యన్‌ది ఒక రకం. జవాబు నిజంగానే లేదు, కథకి అక్కర్లేదు కూడా. ఎందుకంటే ఆ ఎపిసోడ్ ఆ ఇద్దరి గురించి, మనుషుల్ని చంపడమే వృత్తిగా పెట్టుకుని ఒక్క రాత్రి చలికి చిన్నపిల్లల్లా తగువులాడుకున్న ఇద్దరి గురించి. మెడోది, మెల్ఫీది రెండో రకం. జవాబు మన ముందే ఉంది, పాత్రలు దాన్ని నోట పలకలేదు, కెమెరా కూడా పలకలేదు. టోనీ ఆఖరి సీన్ ఈ రెండిట్లో ఏ రకం అన్నదే అసలు ప్రశ్న.

రెండో రకంలో అందరికంటే గుండె పిండేది అడ్రియానా చావు. 2004 మే 23న వచ్చిన ‘లాంగ్ టర్మ్ పార్కింగ్’. క్రిస్టఫర్ ప్రియురాలు అడ్రియానా ఎఫ్‌బీఐ ఒత్తిడికి లొంగి సమాచారం ఇస్తుంటుంది. ఆ సంగతి అతనికి చెప్పేస్తుంది. ఇద్దరం వెళ్లిపోదాం, పేరు మార్చుకుని బతుకుదాం అంటుంది. అతను సిగరెట్లకని బయటికి వెళ్లి, పెట్రోల్ బంక్ దగ్గర ఒక కుటుంబాన్ని చూస్తాడు. పాత కారు, గోల చేసే పిల్లలు, డబ్బుల్లేని తండ్రి. మాఫియా వదిలేస్తే తన బతుకు అదే. క్రిస్టఫర్ ఒక్క మాట కూడా అనడు, నిర్ణయం మాత్రం అక్కడ అయిపోతుంది. తర్వాత అడ్రియానాకి టోనీ ఫోన్ చేసి, క్రిస్టఫర్ ఆత్మహత్యాయత్నం చేశాడు, సిల్వియో (ముఠాలో టోనీ కుడిభుజం) వచ్చి నిన్ను తీసుకెళ్తాడు అంటాడు. ఆమె ఒంటరిగా, పక్కన సూట్‌కేసుతో కారు నడుపుకుంటూ వెళ్తున్నట్టు చూపిస్తారు. తప్పించుకుంది అనుకుంటాం. అది ఆమె ఊహ. మరుక్షణం సిల్వియో కారులోనే ఉంటుంది. కారు అడవిలోకి మళ్లుతుంది. ఆమె ఆకుల మీద పాకుతూ ఫ్రేము దాటిపోతుంది. సిల్వియో వెనకే నడుస్తాడు. మనకి తుపాకీ చప్పుళ్లు వినిపిస్తాయి, కెమెరా చెట్ల కొమ్మల వైపు లేస్తుంది.

ఎపిసోడ్ అక్కడితో ఆగదు. ఆఖర్లో కార్మెలా కట్టబోయే ఇంటి స్థలంలో, అలాంటి చెట్ల మధ్యే, టోనీ ఆమెతో కలిసి ఉంటాడు. అదే రకం ఆకులు, అదే వెలుతురు. కార్మెలా ఏమైందని అడుగుతుంది, టోనీ చెప్పడు. ఆ ఇల్లు ఎలాంటి నేల మీద లేస్తోందో మనకి తెలుసు. కార్మెలాకి చూచాయగా తెలుసు. మళ్లీ ఎవరూ అనరు. అడ్రియానాగా వేసిన డ్రియా డి మాటియోకి, క్రిస్టఫర్ పాత్ర వేసిన మైకేల్ ఇంపీరియోలికి ఆ ఏడాది ఎమ్మీలు వచ్చాయి. కేబుల్ సిరీస్‌కి ఉత్తమ డ్రామా ఎమ్మీ మొదటిసారి దక్కింది కూడా ఆ ఏడాదే.

క్లిప్పుల సంగతి కూడా చెప్పాలి. 2020లో లాక్‌డౌన్ వచ్చాక సిరీస్‌ని కొత్తగా చూసినవాళ్లు, మళ్లీ చూసినవాళ్లు బాగా పెరిగారు. ఇంపీరియోలి, సిరీస్‌లో ఇంకో నటుడు స్టీవ్ షిరిపా కలిసి ఒక్కో ఎపిసోడ్ గురించి పాడ్‌కాస్ట్ మొదలుపెట్టారు. 2024లో పాతికేళ్లు నిండిన సందర్భంగా హెచ్‌బీఓ ఒక్కో ఎపిసోడ్‌ని 25 సెకన్లకి కుదించి టిక్‌టాక్‌లో పెట్టింది. ఇలా చేరువైనవాళ్లని తప్పుపట్టను, ఏ దారిన వచ్చినా రావడమే మంచిది. కానీ ఈ సిరీస్‌లో సీన్ బలమంతా అది ఆగిన చోట ఉంటుంది, క్లిప్పు కోసేది సరిగ్గా ఆ చోటునే. టోనీ బాబాయి జూనియర్ విషయం చూడండి. కుర్రాడిగా టోనీకి ఆటల్లో కాలేజీ జట్టుకి ఆడే దమ్ము ఎప్పుడూ లేదని ఎత్తిపొడిచే మాట అతనిది. ఆ మాట ఇప్పుడు లోకమంతా చక్కర్లు కొట్టే మీమ్. అయిదో సీజన్‌లో ‘వేర్ ఈజ్ జానీ?’ ఎపిసోడ్‌లో జూనియర్ భోజనాల దగ్గర దాన్నే పదే పదే అంటాడు, టోనీ మండిపడి లేచిపోతాడు. క్లిప్పు అక్కడ అయిపోతుంది, నవ్వేస్తాం.

అసలు ఎపిసోడ్ చివర్లో తెలుస్తుంది, జూనియర్ మెదడులో చిన్న చిన్న స్ట్రోకులు వచ్చాయని, మతి తప్పుతోందని. టోనీ వచ్చి ఎదురుగా కూర్చుంటాడు. ఒక్కటే అడుగుతాడు: గుర్తున్నదే మళ్లీ మళ్లీ అనాల్సివస్తే, ఎప్పుడూ ఆ చెడ్డ మాటే ఎందుకు, ఒక్క మంచి మాట అనొచ్చు కదా? జూనియర్ జవాబివ్వడు. నేనంటే నీకు ప్రేమ లేదా అంటాడు టోనీ. ముసలాయన పెదాలు వణుకుతాయి, మాట రాదు. కోత. ఈ ప్రశ్నకి ఆఖరి ఎపిసోడ్‌లో కూడా జవాబు రాదు. అప్పటికి జూనియర్ ప్రభుత్వ ఆసుపత్రిలో కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉంటాడు. నువ్వూ మా నాన్నా కలిసి ఉత్తర జెర్సీని ఏలారు అని టోనీ గుర్తుచేస్తే, అవునా, బాగుంది అంటాడు అంతే. టోనీ కళ్లు చెమరుస్తాయి, లేచి వెళ్లిపోతాడు.

ఆ తర్వాతే హోల్‌స్టెన్స్. ఇప్పుడు ఆ సీన్‌ని విప్పడం తేలిక.

సీన్‌కి ఒక లయ ఉంది. తలుపు గంట మోగుతుంది, టోనీ ముఖం చూపిస్తారు, వెంటనే అతను చూసేది చూపిస్తారు. ఎవరో ఒకామె వస్తుంది. గంట, ముఖం, చూపు. కార్మెలా వస్తుంది. గంట, ముఖం, చూపు. ఒక ముఠా సభ్యుడు కోర్టులో సాక్ష్యం చెప్పబోతున్నాడని టోనీ ఆమెతో అంటాడు. ఏజే వస్తాడు, అతనికి కాస్త ముందు మెంబర్స్ ఓన్లీ అనే బ్రాండ్ జాకెట్ వేసుకున్న ఒకడు లోపలికొచ్చి కౌంటర్ దగ్గర కూర్చుంటాడు. ఆరో సీజన్ మొదటి ఎపిసోడ్ పేరు కూడా మెంబర్స్ ఓన్లీ, టోనీని జూనియర్ కడుపులో కాల్చింది అందులోనే. ఆ మనిషి లేచి టోనీ పక్కగా బాత్రూమ్‌లోకి పోతాడు. బయట మెడో కారు పార్క్ చెయ్యలేక ముందుకీ వెనక్కీ జరుపుతూ ఉంటుంది. చివరికి పరుగెత్తుకొస్తుంది. గంట. టోనీ ముఖం. ఇప్పుడు రావాల్సింది అతని చూపు. వచ్చింది నలుపు.

లయ ప్రకారం చదివితే ఆ నలుపే టోనీ చూసింది. దీనికి తోడు అదే సీజన్‌లో సరస్సు మీద పడవలో కూర్చుని, అక్క భర్త బాబీ టోనీతో చావు గురించి అన్న మాట ఉంది: అది జరిగినప్పుడు బహుశా వినబడను కూడా వినబడదేమో. ఆ సంభాషణని ఆఖరికి ముందు ఎపిసోడ్ చివర్లో టోనీ తలపోస్తాడు కూడా. అంతగా గుర్తుచేశాక అది ఊరికే అనుకోలేం.

కాదనేవాళ్ల వాదన కూడా బలమైనదే. టోనీ బతికే ఉన్నాడు, ప్రతి గంట మోతకీ తలెత్తి చూడాల్సిన బతుకే అతని శిక్ష అంటారు. అంటే వాళ్ల లెక్కలో ఇది రష్యన్ రకం సీన్. నేను ఒప్పుకోను. రష్యన్ విషయంలో సిరీస్ మనకి ఏ ఆధారమూ ఇవ్వలేదు. ఇక్కడ ఆధారాలు గుప్పించి, ముగింపు మాత్రం అనలేదు. అడ్రియానా ఫ్రేము దాటి పాకినట్టే టోనీ కూడా ఫ్రేము దాటాడు. తేడా ఒక్కటే. అక్కడ కెమెరా చెట్ల మీదికి లేచింది, మనం బయట నిలబడి చప్పుడు విన్నాం. ఇక్కడ కెమెరా టోనీ కళ్లలో ఉంది కాబట్టి వినడానికి ఎవరూ మిగల్లేదు.

2021లో ఒక ఇంటర్వ్యూలో చేజ్ ఈ విషయం దాదాపు తేల్చేశాడు. టోనీ లింకన్ టన్నెల్ గుండా న్యూయార్క్‌లో ఒక మీటింగ్‌కి తిరిగి వెళ్లి అక్కడ చావడం తను మొదట అనుకున్న ముగింపని, తర్వాత ఒక చిన్న హోటల్ చూసి, అలాంటి చోటే ఇది జరగాలనిపించిందని చెప్పాడు. టైటిల్స్‌లో వారం వారం వచ్చిన దారినే వెనక్కి తిప్పి చావు చూపిస్తే అందంగానే ఉండేది. కానీ అదొక గ్యాంగ్‌స్టర్ చావు అయ్యేది. ఆనియన్ రింగ్స్ పళ్లెం ముందు, కూతురు తలుపు తోసే క్షణంలో తెగిపోయింది ఒక తండ్రి సాయంత్రం. టోనీని ఏళ్ల తరబడి వెనకేసుకొచ్చినవాళ్లే ఆఖర్లో అతని శవం చూపించమని పట్టుబట్టడం చేజ్‌కి రుచించలేదు. మెల్ఫీ ‘లేదు’ అన్నప్పుడు మనకి దక్కనిదే ఇప్పుడూ దక్కకుండా చేశాడు.

ఈ సీన్‌లో తక్కువమంది పట్టించుకునే మాట ఒకటి ఉంది. మంచి క్షణాల్ని గుర్తుపెట్టుకోమని నువ్వే ఒకసారి అన్నావు కదా అని ఏజే తండ్రితో అంటాడు. టోనీకి గుర్తులేదు. మనకి గుర్తుండాలి. మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో, 1999 ఏప్రిల్‌లో, గాలివానకి కరెంటు పోయి నలుగురూ టోనీ స్నేహితుడు ఆర్టీ హోటల్‌లో చేరినప్పుడు టోనీ గ్లాసు ఎత్తి పిల్లలతో అన్న మాటే అది.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా సలహా: క్లిప్పులు పక్కనపెట్టి మొదటి అయిదు ఎపిసోడ్లు వరసగా చూడండి. ‘కాలేజ్’లో హత్య అయ్యాక ఫోన్ చూసుకోవద్దు, కారులో మెడో ముఖం చూడండి. ఒకసారి చూసేసినవాళ్లు ‘లాంగ్ టర్మ్ పార్కింగ్’, ఆఖరి ఎపిసోడ్ రెండూ ఒకే రోజు పక్కపక్కన పెట్టుకుని చూడండి, మధ్యలో ఇంకేమీ చూడకుండా.